అయిదో కార్డు

"మళ్ళీ తప్పే," అంది ఫెతూ పక్కింట్లోంచి, చేమదుంప చెక్కు తీస్తూనే. గోడల్లేని ఇళ్ళాయె, ఆ సమోవా ఊళ్ళో ఒకరు దగ్గితే నాలుగిళ్ళ వాళ్ళు "ఒంట్లో బాలేదా" అంటారు.

తావిటా కీబోర్డు మీంచి చేతులు తీశాడు. చెవి సందున ఎర్ర పెన్ను, పక్కన కాగితాల కట్ట. మూడు నెలల క్రితం పాస్టరుగారి ఖాళీ ఇంట్లో దిగినప్పట్నుంచీ ఇదే వరస. సంగీతం పరీక్షట. ఆ ఏడుపు స్వరాలు విని, పాపం పెళ్ళాం పోయిందేమోనని ఫెతూ మొదటిరోజే చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి కాల్చిన పాలుసామి పట్టుకెళ్ళింది. అసలు పెళ్ళే కాలేదన్నాడు. ఆ తర్వాత పాలుసామి మానడానికి ఆమెకు కారణం దొరకలేదు.

"ఏం తప్పింది?"

"నువ్వే నేర్పావుగా నాయనా. ఒకటి వదిలి ఒకటిగా మూడు స్వరాలు కలిపి నొక్కితే కార్డు. మైనర్లో, అంటే ఈ ఏడుపు వరసలో, ఒకటో కార్డూ నాలుగోదీ ఏడుస్తాయి, ఏడవనీ. అయిదోదాన్ని మాత్రం ఏడవనివ్వకూడదు. మధ్య మెట్టు వదిలేసి, దాని పైనున్న నల్ల మెట్టు నొక్కు. లేకపోతే పాట ఇంటికి రాదు."

ఆమె వచ్చి అతని వేలు పట్టుకుని నల్ల మెట్టు మీద పెట్టింది. వెంటనే వదల్లేదు.

"నీకే బాగా వచ్చేసింది," అన్నాడు తావిటా, ఆమె తెచ్చిన పాలుసామి ఆకు విప్పుతూ.

"నాకొచ్చి ఏం లాభం? ఈసారి తప్పితే ఏం చేస్తావు?"

"శనివారం ఓడెక్కి అవతలి దీవి సవాయీకి వెళ్ళిపోవడమే."

"ఆ పేపర్లు దిద్దేవాడు ఎలాంటివాడు?"

"మహా కర్కోటకుడని విన్నాను."

"వాడి చేతులు పడిపోను," అందామె. తావిటాకి పొలమారింది.

మర్నాడూ అదే కార్డు, అదే తప్పు. ఆ మర్నాడూ అంతే. శుక్రవారానికి ఇక ఆగలేక, ఫెతూ పెద్ద పాలుసామి పొట్లంతో పాస్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మగారూ, ఎవరితోనూ అనకండి. ఆ పేపర్లు దిద్దే కర్కోటకుడు మీకు తెలిసే ఉంటాడు. ఇది ఆయనకిచ్చి, మా తావిటాని ఎలాగోలా గట్టెక్కించమనండి. అయిదో కార్డొక్కటే పట్టుబడలేదు. అతను ఓడెక్కితే నేను బతకలేను."

పాస్టరమ్మ పొట్లం వాసన చూసింది. నవ్వాపుకోలేక స్తంభం పట్టుకుంది.

"మూడు నెలలుగా ఆ కర్కోటకుడికే పెడుతున్నావు గదే."