దారి ఊడ్చే మనిషి

అడవిలో దారి ఊడ్చే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

పళ్ల డాక్టరమ్మకు మాత్రం అనుమానం వచ్చింది.

ప్రతి ఆదివారం పొద్దున్నే భర్తతో కలిసి ఆ అభయారణ్యంలో నడవడం ఆవిడ అలవాటు. అక్కడొక ఆడచిరుత ఉంది. ఆవిడ దాన్ని చూసింది ఒక్కసారే, అదీ తోక మాత్రమే. అయినా కన్నబిడ్డ మీద ఉన్నంత బెంగ. పోయినేడు మగచిరుతను చర్మం కోసం చంపేశారు. ఇదీ పోతే ఆ కొండల్లో ఇక చిరుతన్నదే ఉండదు.

"ఏమండీ, అటు చూడండి. ఆకుల కొమ్మతో మట్టి ఊడుస్తున్నాడు."

"ఊడవనీవే. ఇంట్లో ఆ పని నాది. అడవిలోనైనా ఇంకొకడు చేస్తున్నాడు."

"మీ జోకులకేం గానీ, పోయిన వారం కూడా వీడు ఇక్కడే ఉన్నాడు."

ఆవిడే దగ్గరికెళ్లింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

నెరిసిన గడ్డం, మాసిన చొక్కా. ఆ మనిషి కొమ్మను వెనక్కి దాచుకున్నాడు.

"ఏం లేదమ్మా. నడుస్తున్నా."

"నడిచేవాడికి కొమ్మెందుకు?"

"మీకు దణ్ణం పెడతా. మీ దారిన మీరు వెళ్లండమ్మా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకుంది డాక్టరమ్మ.

"ఉచ్చులు పెట్టి, తన అడుగులు తనే చెరిపేస్తున్నాడండీ," అంది భర్తతో.

తిన్నగా వెళ్లి గేటు దగ్గర గార్డుకు చెప్పింది. గార్డు ఆ మనిషిని పిలిపించి సంచి దులిపించాడు. నీళ్ల సీసా, తువ్వాలు తప్ప ఏమీ రాలలేదు.

"మరెందుకు ఊడుస్తున్నావ్?"

ఆ మనిషి వంగి సీసా, తువ్వాలు తిరిగి సంచిలో పెట్టుకున్నాడు.

"చెప్పనివాణ్ని లోపలికి ఎలా రానిస్తారు?" అంది డాక్టరమ్మ.

ఆ రోజు నుంచి అతన్ని లోపలికి రానివ్వలేదు. చిరుతకు గండం గడిచిందని ఆవిడ కుదుటపడింది.

మరుసటి ఆదివారం దారి మీద అచ్చు గుద్దినట్టు అడుగులు కనిపించాయి. పెద్ద అడుగులు, వాటి పక్కనే బుల్లి బుల్లి అడుగులు.

"ఏమండీ, పిల్లల్ని పెట్టిందండీ."

ఆనందం పట్టలేక ఫొటో తీసి, ఏ మలుపు దగ్గరో కూడా రాసి, నడక మిత్రుల గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి అది ఎన్ని ఫోన్లు తిరిగిందో ఆవిడకే తెలీదు.

ఆ పై ఆదివారం వెళ్లేసరికి గేటు మూసి ఉంది. గార్డు బల్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"పిల్లల్ని ఎత్తుకుపోయారమ్మా. అడుగుల వెంటే వెళ్లి రాళ్ల సందులో పట్టుకున్నారు. తల్లి అరుస్తూ కొండంతా తిరుగుతోంది."

డాక్టరమ్మ గేటు ఊచలు పట్టుకుంది.

"ఆ కొమ్మవాడి పనే. నేను ముందే చెప్పానా?"

గార్డు తల అడ్డంగా ఊపాడు.

"ఆయన రోజూ ఇక్కడికొచ్చి నన్ను బతిమాలాడమ్మా. నన్ను రానివ్వకపోతే పోనీ, పొద్దున్నే మీరైనా ఆ దారి ఊడవండి అని. ఎందుకయ్యా అంటే, చెబితే నలుగురికీ తెలిసిపోతుంది సార్ అన్నాడు. నా బుర్రకెక్కలేదు."

"ఇప్పుడెక్కడున్నారు... ఆయన?"

"ఏమోనమ్మా. ఈ సంగతి విన్నాక మళ్లీ రాలేదు."

ఇన్నాళ్లూ ఆ మనిషి చెరుపుతూ వచ్చింది ఆ తల్లీపిల్లల అడుగులనీ, వాటికున్న ఒకే ఒక్క కాపలాను తానే చేతులారా గెంటేసిందనీ డాక్టరమ్మకు అప్పుడు తెలిసింది.