కుడి చేతి కొలత

కుడి చేతికి వజ్రాల బ్రేస్‌లెట్ కొనడానికి వచ్చి, పెళ్లికూతురు కొలతకు ఎడమ చెయ్యి ఇచ్చింది.

కౌంటరు వెనక అమ్మాయి మారు మాట్లాడకుండా టేపు చుట్టి చూసుకుంది. రెండు చేతులూ ఒకటే కదా అనుకుంది పాపం.

ఆస్పత్రిలో చూపించుకుని అట్నుంచి అటే నగల కొట్టుకు వచ్చారు, పెళ్లికూతురూ వదినా. పెళ్లి పనులన్నీ వదిన నెత్తి మీదే ఉన్నాయి. అయినా ఆవిడ నోటికి విశ్రాంతి లేదు.

వజ్రాలు మెరిసినా మెరవకపోయినా పెళ్లికూతురికి పట్టింపు లేదు. పట్టీ వెడల్పుగా ఉంటే చాలు. రెండేళ్ల కిందట పని చేసే చోట యంత్రంలో కుడి చెయ్యి నలిగి, పెద్ద ఆపరేషన్ అయింది. మణికట్టుకు కాస్త పైన, చుట్టూ కుట్ల గీత మిగిలిపోయింది. అప్పట్నుంచి ఎండాకాలంలోనూ పొడుగు చేతుల బట్టలే. గీత చూసినవాళ్లు ‘అయ్యో’ అంటే ఆమెకు ఒళ్లు మండిపోతుంది. పెళ్లినాడు అందరూ తన ముఖం చూడాలి, గీత కాదు. ఆమె ఆశల్లా అంతే.

వెడల్పాటి బ్రేస్‌లెట్ పెట్టగానే గీత మాయమైంది. చెయ్యి దించగానే బ్రేస్‌లెట్ జారి వేళ్ల మొదట్లోకి వచ్చింది.

దీన్ని పెట్టుకుని భోజనానికి కూర్చుంటే నీకంటే ముందు ఇదే పళ్లెంలోకి దిగుతుందని వదిన నవ్వింది.

“ఆ చేతి కొలత ఈ చేతికి రాదమ్మా. ఈ మణికట్టు సన్నం.”

వెనక్కి తిరిగి చూస్తే ఒక పెద్దావిడ. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, భుజాన గుడ్డసంచి. ఎప్పుడు లోపలికి వచ్చిందో ఎవరూ గమనించలేదు.

పెళ్లికూతురి ముఖం జేవురించింది. చేతుల్లో తేడా ఉందని ఆమెకు తెలియనిదేం కాదు. ముక్కూ ముఖం తెలియని మనిషి నలుగురిలో ఆ మాట అనేసరికి తల కొట్టేసినట్టయింది.

పెద్దావిడ అదేం పట్టించుకోలేదు. ట్రేలో వెతికి ఒంటివరస వజ్రాలది, నాజూకైనది తీసింది. నేను పెట్టనా అని అడిగింది. వదిన మొహమాటానికి పోయి పెట్టమంది.

వదులూ లేదు, బిగుతూ లేదు. ఆ చెయ్యి చూసి చేసినట్టే కూర్చుంది.

“గీత కనిపిస్తోంది,” అంది పెళ్లికూతురు.

“కనిపించనీ తల్లీ. అది దాచుకునేది కాదు.”

“మీకేం తెలుసు?”

పెద్దావిడ చెయ్యి వదల్లేదు. కాస్త వంకర తిరిగిన చిటికెన వేలిని బొటనవేలితో నిమిరింది. ఉన్నట్టుండి వంగి, ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకుంది.

ఆపరేషన్ తర్వాత ఆ వేళ్లకు స్పర్శ సరిగ్గా రాలేదు. అలాంటిది, ఏదో వెచ్చగా, తడిగా తగిలింది. పెళ్లికూతురు బెదిరిపోయి చెయ్యి లాక్కుంది. ఆ విసురుకు కొక్కెం ఊడింది. చూస్తే చేతికి బ్రేస్‌లెట్ లేదు.

“తీసేసింది, పట్టుకోండి.”

ఆ మాట అన్నది పెళ్లికూతురే.

గుమ్మం దగ్గరి కాపలా మనిషి వచ్చి గుడ్డసంచిని కౌంటరు మీద బోర్లించాడు. కళ్లజోడు డబ్బా, మంచినీళ్ల సీసా, మందు బిళ్లలు, మడిచిన చేతిరుమాలు పడ్డాయి. అందరూ చూస్తుండగా అవన్నీ విదిలించి మరీ వెతికాడు. ఆ తర్వాత కౌంటరు అమ్మాయి వంగి, స్టూలు కాలి దగ్గర మెరుస్తున్నదాన్ని తీసింది.

క్షమించమని ఒక్కరికీ నోరు రాలేదు.

పెద్దావిడ తన సామాను తనే సర్దుకుంది. ఆవిడ ముఖంలో కోపం లేదు. అదే పెళ్లికూతురికి మరీ చిరాకు తెప్పించింది.

“చెయ్యి జాగ్రత్తమ్మా,” అని మాత్రం చెప్పి బయటికి నడిచింది.

పెళ్లికూతురు పంతం కొద్దీ వెడల్పాటిదే కొంది. పట్టీలో రెండు బిళ్లలు తీయించి బిగించుకుంది. పెళ్లయింది. గీత గురించి ఎవరూ అడగలేదు.

మళ్లీ ఆస్పత్రికి వెళ్లినప్పుడు నర్సు ఆమె వేళ్లు ఒక్కొక్కటే వంచి చూస్తూ, కిందటిసారి ఒక పెద్దావిడ మీ వెనకే వచ్చింది, కలిసిందా అని అడిగింది. పొట్టిగా ఉంటుంది, గుడ్డసంచి ఉంటుంది అని కూడా చెప్పింది.

పెళ్లికూతురు చప్పున తలెత్తింది.

“కలిసింది. దొంగ అనుకున్నాను.”

నర్సు చేతులు ఆగిపోయాయి. గొంతు తగ్గించి చెప్పింది. మీరెవరో చెప్పమని ఆవిడ ఎన్నోసార్లు వచ్చి అడిగిందట. అది ఆస్పత్రి నియమాలకు విరుద్ధమని ప్రతిసారీ పంపేశారట. ఆ రోజు బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ల చేతులు చూస్తూ తనే గుర్తుపట్టిందట.

“ఊరు విడిచి పోతున్నానంది. పోయేముందు ఒక్కసారి పట్టుకుని చూస్తానంది. అంతకుమించి ఏమీ అడగలేదమ్మా.”

ఎక్కడికి వెళ్లిందని పెళ్లికూతురు అడిగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదంది నర్సు.

పెళ్లికూతురికి ఇంకేం అడగాల్సిన పని లేదు. బ్రేస్‌లెట్ విప్పబోయింది, కళ్ల నిండా నీళ్లతో కొక్కెం కనిపించలేదు.

రెండేళ్ల కిందట, ప్రమాదంలో పోయిన తన ఒక్కగానొక్క కూతురి కుడి చేతిని ముక్కూ ముఖం తెలియని ఆడపిల్లకు అతికించమని సంతకం పెట్టిన తల్లి ఆవిడ.