పసుపు చేపను మార్చిన దొంగ

కంటికట్టు విప్పించుకుని ఇంటికొచ్చిన రోజే దోన్ రదామెస్‌కి దొంగతనం కనిపించింది.

"నా చేపేదీ?"

హాల్లో గోడ పొడుగునా ఉన్న ఉప్పునీళ్ళ తొట్టిలో, నిమ్మపండులా మెరవాల్సిన ఆయన పెంపుడు చేప అగిలీత లేదు. దాని చోట పళ్ళెమంత నీలం చేప ఒకటి ఇల్లంతా తనదే అన్నట్టు తిరుగుతూ, లెట్యూస్ ఆకు కొరుక్కు తింటోంది.

నీలం! అదీ రదామెస్ ఇంట్లో! సాంతియాగో ఊరు ఊరంతా పసుపు జట్టు అగిలాస్‌దే. ఆ ఊళ్ళో కూడా అంతటి బేస్‌బాల్ పిచ్చి ఉన్నవాడు ఇంకోడు లేడు. ఆయన గోడలు పసుపు, గేటు పసుపు, కుక్క మెడపట్టీ పసుపు. రాజధానివాళ్ళ నీలి జట్టు లిసెయ్ పేరెత్తితే అన్నం ముందునుంచి లేచిపోతాడు. కూతురు యొకాస్తాని చేసుకుంటానని ఫేయో వచ్చినప్పుడు ఆయన ఉద్యోగం గురించి అడగలేదు, ఆస్తి గురించి అడగలేదు. "ఏ జట్టు?" అని మాత్రం అడిగాడు. ఫేయో గుండెమీద చెయ్యేసుకుని "పసుపు" అన్నాడు.

పెళ్ళయ్యాక అదే ఇంట్లో ఉండిపోయిన ఫేయో, ఒకసారి మోంతె క్రిస్తీ రేవునుంచి అరచేతిలో పట్టేంత పసుపు టాంగ్ చేపపిల్లను తెచ్చి మామగారికి కానుకిచ్చాడు. ఇలాంటి అల్లుడు ఎవరికి దొరుకుతాడని ఆయన వీధంతా చెప్పుకున్నాడు. ఆనాటినుంచీ దానికి తన చేత్తో ఆకు తినిపించందే ఆయన ఏ మ్యాచూ చూడడు.

ఆదివారం ఫైనల్. అగిలాస్‌కీ లిసెయ్‌కీ.

"ఇది కీకోగాడి పనే!"

కీకో ఎదురింటి సెలూన్ వాడు. వీధి మొత్తానికి లిసెయ్ అభిమాని వాడొక్కడే.

"నాన్నా, ఒక్కమాట విను..." అని యొకాస్తా అనేలోగా ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటేశాడు. ఫేయో వెనకాలే పరుగెత్తాడు.

కీకో ఒకాయనకి సగం గడ్డం గీసి ఉన్నాడు.

"చెయ్యి చూపించరా, దొంగా!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కీకో ఎడమచెయ్యి చటుక్కున జేబులో దోపుకున్నాడు. రదామెస్ దాన్ని బయటికి లాగాడు. చూపుడువేలికి కట్టు!

"చూశారా! ఆ చేపకి తోక మొదట్లో కత్తిలాంటి ముల్లుంటుంది. పట్టుకోబోతే కోసి పారేస్తుంది. తొట్టి కడుగుతుంటే నన్నే కోసింది. చెప్పరా, నా పసుపు చేపను ఏం చేశావు? వేపుకు తిన్నావా?"

"గడ్డాలు గీసేవాడి వేలు తెగితే చేప కోసిందంటావా, పెద్దాయనా? కత్తి నా చేతిలోనే ఉంది, కనపడట్లేదూ? బేరం ముందు పరువు పోతుందని దాచుకుంటే, ఉన్నది కాస్తా తీశావు. దొంగ కావాలంటే మీ ఇంట్లోనే వెతుక్కో, పో!"

కుర్చీలో ఉన్నాయన ఆ కట్టు వంక ఒకసారి చూసి, తువ్వాలు తీసేసి, సగం గడ్డంతోనే మెల్లగా జారుకున్నాడు.

రదామెస్ పోలీసులని కేకలేస్తుంటే ఫేయో భుజం పట్టుకున్నాడు. "కీకో తప్పేం లేదు మావయ్యా. అది మన అగిలీతే. కావాలంటే వచ్చి మీరే పిలిచి చూడండి."

ఇంటికొచ్చి రదామెస్ ఎప్పట్లాగే ఉంగరంతో గాజుమీద టకటకా కొట్టాడు. ఆ చప్పుడుకి అగిలీత తప్ప ఇంకేదీ రాదు. నీలం చేప రివ్వున వచ్చి ఆయన వేళ్ళ మధ్యనున్న ఆకు లాక్కుంది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఇది పిల్లప్పుడు పసుపు, ఎదిగితే నీలమట నాన్నా," అంది యొకాస్తా. "ఏడాదిగా మెల్లమెల్లగా మారింది. నీ కళ్ళకి శుక్లాలు కదా, తెలియలేదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నేను చెప్పబోతే ఆయనే ఆపాడు. ఆపరేషన్ కాకుండా మావయ్య మనసు కష్టపెట్టొద్దన్నాడు."

అల్లుడి మంచితనానికి రదామెస్ కళ్ళు చెమర్చాయి. అయినా నీలం నీలమే.

"తెచ్చేటప్పుడు నీకు తెలీదా, అల్లుడూ?"

"నాకేం తెలుసు మావయ్యా! పసుపుగా ముద్దుగా ఉందని తెచ్చాను."

"ఫైనల్ రోజు నా హాల్లో నీలం ఉండడానికి వీల్లేదు. అరటికాయ ముక్కలతో పాటు వేయించెయ్యండి."

ఫేయో ముఖం పాలిపోయింది. "అంతమాట అనకండి మావయ్యా! మీ చేతి ఆకు తిని పెరిగిన ప్రాణి. తొట్టితో సహా నా పనిముట్ల గదిలోకి మార్చేస్తాను. తలుపు మూసే ఉంచుతాను, మీ కంటపడదు."

చేప ఇంకో ఆకు కోసం ఆయన వేలి దగ్గరే ఆడుతోంది. ఆయన చాలాసేపు దాన్ని చూశాడు.

"సరే, ఏడువు. ఆ కీకోకి ఒక కాఫీ పంపండి. చక్కెర మాత్రం వెయ్యొద్దు."

ఆదివారం ఇల్లంతా పసుపు చొక్కాలతో నిండిపోయింది. ఆట మొదలవగానే, చేపకి ఆకు వేసొస్తానని ఫేయో లేచాడు. "చూడండి, ఫైనల్ రోజు కూడా మూగజీవాన్ని మరవడు," అని రదామెస్ అందరికీ చూపించి మురిసిపోయాడు.

ఫేయో గదిలోకి వెళ్ళి గడియ పెట్టాడు. పనిముట్ల పెట్టె అడుగున, నూనెగుడ్డల కింద దాచిన పాత నీలి టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. గాజుకి ముఖం ఆనించి గుసగుసగా అన్నాడు:

"ఎదిగితే నీలమవుతావని ఆ రేవులో జాలరి ఒట్టేసి చెబితేనే కొన్నానే బంగారం... ఇక ఈ ఇంట్లో లిసెయ్ వాళ్ళం మనిద్దరం!"