పసుపు గౌన్లు

"నువ్వే కదక్కా, ఇక్కడే నా చెయ్యి వదిలేసింది!" ఖాళీ హ్యాంగర్లను పక్కకు తోస్తూ నవ్వింది చెల్లి.

అక్కకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఇదే పాట. ఇంట్లో గరిటె కనపడకపోయినా "అక్క చేతికిచ్చారేమో" అంటారు. అందుకేనేమో, రోడ్డు దాటేటప్పుడు కూతురి చెయ్యి కందిపోయేలా పట్టుకుంటుంది.

చవక బట్టల దుకాణం రేపటితో మూసేస్తున్నారు. ఒకప్పుడు ఇసుక వేస్తే రాలనంత జనం. రెండు సైజులు పెద్దవి కొని, మూడేళ్ళు తొడిగించేవాళ్ళు. ఇవాళ సగం లైట్లే వెలుగుతున్నాయి. కాళ్ళు నొప్పులంటూ అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అసలు తప్పిపోయింది నువ్వా, నేనా?" అంది అక్క. "మైకులో పసుపు గౌను అనడం నాకూ గుర్తే."

"నాది పసుపు గౌను."

"నాదీ పసుపే! ఒకటి కొంటే ఒకటి ఉచితం కదే."

చెల్లి ఆలోచనలో పడింది. "ఏమో మరి. నువ్వు వదిలేశావని అమ్మే కదా నాన్నతో చెప్పింది."

అదే అక్కకు అంతుపట్టదు. వదిలినట్టు ఒక్క ముక్క గుర్తు లేదు. అమ్మే చెప్పాక కాదనేదెలా?

మూల మిషను మీద ప్యాంటు అంచు కుడుతున్న ముసలి టైలరు తలెత్తాడు.

"పసుపు గౌన్లా? ఆ పిల్లలు మీరేనా అమ్మా! గంటసేపు నా మిషను పక్కనే కూర్చున్నారు, ఇద్దరూ. పెద్దది చిన్నదాని చెయ్యి వదిలితే ఒట్టు. మంచినీళ్ళిచ్చినా ఒంటిచేత్తోనే తాగింది."

అక్క టైలరు దగ్గరికి నడిచింది. వదల్లేదు! కానీ లెక్క కుదరడం లేదు.

"ఇద్దరం ఇక్కడే ఉంటే, మైకులో ఎవర్ని పిలిచారు?"

"పసుపు గౌను పిల్లల తల్లి ఎక్కడున్నా రావాలని, అరిచి అరిచి మైకువాళ్ళ గొంతు పోయింది." టైలరు మళ్ళీ తల వంచుకున్నాడు.

అక్కాచెల్లెళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. వెనక్కి తిరిగితే అమ్మ. ఎప్పుడు లోపలికొచ్చిందో, పెద్దదాని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు వదల్లేదమ్మా," అంది. "మిమ్మల్నిక్కడ నిలబెట్టి, ఇక తిరిగి రాకూడదని బస్సెక్కింది నేను."