రాయి మీది ఆకు

మా నాజ్‌నీన్ బడి నుంచి పలకంత రాయిని ఒక్క రాత్రికని తెచ్చుకునింది. దాని మీది గీతల్ని మురికనుకుని నేను, ట్యాంకరు నీళ్లు అయిపోయినాయని, ఒట్టి బూడిదేసి పీచుతో గట్టిగా తోమేసినాను.

"అమ్మీ, దీని మీది ఆకు అచ్చు యాడికి పోయింది? బురదలో పూడిన ఆకు కుళ్లిపోయి, ఆ బురద రాయైతే మిగిలిన అచ్చు అది. లక్షల ఏండ్లు పడుతుందంట. రేపు సారుకేం చెప్పేది?"

"నేను ముట్టుకోనే లేదు" అన్నాను. పిల్ల ఏడ్చి ఏడ్చి పండుకునింది.

సిగ్గుతో నాకు నిద్ర రాలేదు. లేపి నిజం చెప్పేద్దామని సెల్లు లైటులో రాయి తీసినాను. ఆకున్న చోట ఒక చేతి అచ్చు లోతుగా పడి ఉండాది. వంకర చిటికెన వేలు. నాదే. చెయ్యి పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది.

"అమ్మీ, ఏం చేస్తాండావు?"

"ఏం లేదు, పండుకో" అని రాయిని కొంగు కింద దాచినాను. చెయ్యి మాత్రం ఊడి రావడం లేదు.