అమ్మానాన్నల మధ్య అడ్డుతెర

సూపర్‌హీరోలందరూ అమ్ముడైపోయాక సినిమా స్టూడియోలు కాకినాడ మీద పడ్డాయి. పక్క వీధిలో పాలు పొంగినా వినగలిగే కామేశ్వరి చెవిని ఒక స్టూడియో కొంది. ఊరంత సామానూ ఒక్క సంచీలో సర్దేసే ఆవిడ భర్త దక్షిణామూర్తిని ఇంకో స్టూడియో కొంది. ఒకరు కొన్న సరుకు ఇంకొకరి సరుకుతో ఒకే ఫ్రేములో, అది పెళ్లి వీడియో అయినా సరే, కనిపించకూడదన్నది షరతు. ఆ సంగతి వాళ్లకి కూతురి పెళ్లిపీటల మీద గుర్తొచ్చింది.

"అమ్మగారు పక్కన కూర్చుని నీళ్లు పొయ్యాలి. లేకపోతే కన్యాదానం ఎలా అవుతుందండీ?" అన్నారు పంతులుగారు.

"కూర్చుంటే కేసేనండి," అన్నారు రెండు స్టూడియోల లాయర్లూ, పులిహోర తింటూనే.

ముహూర్తం దాటిపోతోంది. పంతులుగారు వధూవరుల మధ్య పట్టాల్సిన అడ్డుతెర తెప్పించి, అమ్మాయి తల్లిదండ్రుల మధ్య పట్టించారు. తెర కిందనుంచి చెంబు పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"మేడమ్, చెయ్యి కనిపించేస్తోంది!" అని అరిచాడు ఆవిడ లాయరు.

"మీరు కొన్నది చెవి బాబూ. చెయ్యి నేనెవరికీ అమ్మలేదు."

"అయితే అది మాకిస్తారా?" ఆశగా అడిగాడు రెండో లాయరు.

"కుదరదండి," అన్నాడు దక్షిణామూర్తి, అల్లుడి కాళ్లు కడుగుతూ. "అది మా పెళ్లిలోనే నేను పట్టేసుకున్నాను."