కడిగిన పెంకులు

"ఏయ్ ముసలాయనా! ఏం పోస్తున్నావక్కడ?"

ఓర్నెల్లా అరుపుకి, దున్నిన నేలలో పాతకాలపు ఆనవాళ్లు వెతుకుతూ వరసగా నడుస్తున్న ఆమె సర్వే బృందం ఆగిపోయింది.

వెట్టియానా అనే పాత రోమన్ పట్నం కోటగోడ అవతల, ఒక ముసలివాడు గోనెసంచి బోర్లిస్తున్నాడు. ఎర్రటి కుండపెంకులు జలజలా రాలాయి.

ఓర్నెల్లా ఒకటి తీసి చూసింది. మట్టి మరకైనా లేదు, శుభ్రంగా కడిగి ఉంది.

ఆమెకి ఒళ్లు మండింది. గోడ బయట కూడా ఇళ్లుండేవని తేలితేనే ఈ పొలం రక్షిత స్థలమవుతుంది. లేదంటే ఎవరో ఒకరు కొని గోదాము లేపేస్తారు. ఇంతవరకూ ఇందులో ఒక్క పెంకూ దొరకలేదు.

"మసిపూసి మారేడుకాయ చేద్దామనుకున్నావా? ఎవడు పంపాడు నిన్ను?"

"ఎవడో పంపేదేంటి ప్రొఫెసరమ్మా! ఇవి ఇక్కడివే. దున్నినప్పుడల్లా పైకొచ్చేవి. సర్కారు చూస్తే పొలానికి తాళం పడుతుందని, ఇంక కొనేవాడు రాడని, ఏరి కోళ్లగూట్లో దాచేవాళ్లం. ఈ చుట్టుపక్కల అందరూ చేసే పనే."

"మరిప్పుడెందుకు తెచ్చావ్?"

"నాకు ఒంట్లో బాగాలేదు. నా తర్వాత..."

"నీ రోగాలు నాకెందుకు? ఒక్క పెంకు అబద్ధమైతే నా సర్వే పటమంతా అబద్ధం!"

"కళ్లున్నాయి గానీ చూపు లేదు నీకు!" ముసలివాడూ కేకేశాడు. "తవ్వి చూడు!"

కోపంలో ఉన్నవాళ్లకి ఎదుటివాడి మాట తెంపడమే తెలుసు. ఓర్నెల్లా తవ్వలేదు. ముసలివాణ్ణి చెయ్యి పట్టి గట్టు దాటించింది. అక్కడ ఏమీ లేదని పటంలో ఆ పొలాన్ని అడ్డంగా కొట్టేసింది.

వసంతంలో గోదాము కట్టడానికి యంత్రం పైమట్టి గీకగానే గోడలు బయటపడ్డాయి. పొయ్యి, గచ్చు, గచ్చు మీద అవే ఎర్ర పెంకులు.

సంగతి తెలిసి ఓర్నెల్లా పరుగెత్తుకొచ్చేసరికి సగం పిండైపోయాయి.

"ఆపండి!" గొంతు చించుకుంది. "ఏ దరిద్రుడు అమ్మాడు మీకీ పొలం?"

"ఇద్దరు కొడుకులు," అన్నాడు మేస్త్రీ, యంత్రం ఆపకుండానే. "మొన్న చలికాలంలో తండ్రి పోయాకే సంతకాలయ్యాయి."

"ఆ తండ్రైనా చెప్పలేదా, ఇక్కడ ఇళ్లున్నాయని?"

మేస్త్రీ ఆమెని ఎగాదిగా చూశాడు.

"చెప్పలేదా? తను పోయినా ఎవడూ అమ్మలేకుండా తన పొలానికి తనే తాళం వేయించుకుంటానని, గోనెసంచి భుజానేసుకుని మీ దగ్గరికే వచ్చాడటగా!"